పింగ్ నుంచి గెట్-కనెక్టర్ దాకా: నల్ల స్క్రీన్ కథ

ఇవాళ్టి కథ ఒక శబ్దంతో మొదలుపెడదాం.

ఒక ఆఫీసు. అందులో నెట్‌వర్క్ చూసుకునే మనిషి ఒకడు. అతని నెట్‌వర్క్‌కి ఒక జబ్బు. కాసేపు పనిచేస్తుంది, కాసేపు చేయదు. పూర్తిగా చచ్చిపోతే వెతకడం తేలిక. వచ్చీ పోయీ ఉండే జబ్బే అసలు తలనొప్పి. అప్పటి ఈథర్‌నెట్ అంటే మన కేబుల్ టీవీ వైరు లాంటి లావు వైరు, బిల్డింగంతా తిరిగేది. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఒక్కో కనెక్టర్. ఎక్కడో ఒక కనెక్టర్ వదులైతే ఆ లైను మీదున్న వాళ్లందరికీ ఇబ్బందే.

ఇతను ఏం చేశాడంటే, పింగ్ కమాండ్ ఇచ్చే జవాబుని తీసుకెళ్లి మాటలు పలికే ఒక ప్రోగ్రామ్‌కి తగిలించాడు. దాన్ని ఆఫీసులోని స్టీరియోకి కలిపి సౌండ్ ఫుల్‌గా పెట్టాడు. సెకనుకోసారి కంప్యూటర్ "పింగ్... పింగ్... పింగ్..." అని అరుస్తూ ఉంటుంది. ఇతను బిల్డింగంతా తిరుగుతూ ఒక్కో కనెక్టర్‌ని పట్టుకుని కదిలిస్తూ పోయాడు. ఏ కనెక్టర్ దగ్గర అరుపు ఆగిందో, జబ్బు అక్కడుంది!

ఇది నేను కల్పించింది కాదు. పింగ్ ప్రోగ్రామ్ రాసిన మైక్ మూస్ ఒక కాన్ఫరెన్స్‌లో విన్నానని, తను విన్న పింగ్ కథలన్నిట్లో ఇదే గొప్పదని స్వయంగా రాసిపెట్టాడు. ఈ కనెక్టర్ అనే మాటని గుర్తుపెట్టుకోండి. ఎపిసోడ్ చివర్లో మళ్లీ వస్తుంది. అప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని కదిలించడానికి ఉండదు.

సరే, ముందు పింగ్ సంగతి. మీలో గేమ్స్ ఆడేవాళ్లకి ఈ మాట నేను చెప్పక్కర్లేదు. "పింగ్ ఎంతొస్తోంది రా?" "నూటయాభై." "అయితే చచ్చాం పో." ఆ నంబర్ ఎక్కడ పుట్టిందో చూద్దాం.

1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ పాత పద్ధతి వదిలేసి టీసీపీ/ఐపీకి మారింది. ఇవాళ మన ఇంటర్నెట్ నడిచేది దాని మీదే. కొత్త రోడ్డు వేశారు గానీ ఆ రోడ్డు మీద బండి ఎక్కడ ఆగిందో చూసే సాధనాలు అప్పటికి సరిగా లేవు. మైక్ మూస్ మేరీల్యాండ్‌లో అమెరికా సైన్యం వాళ్ల బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసేవాడు. ఆ ఏడాది జులైలో నార్వేలో ఒక మీటింగ్‌కి వెళ్లినప్పుడు డేవ్ మిల్స్ అనే శాస్త్రవేత్త మాటల మధ్యలో ఒక సంగతి చెప్పాడు. అవతలి కంప్యూటర్‌కి ఒక చిన్న ప్యాకెట్ పంపి, అది తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో కొలుస్తున్నానని. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది.

డిసెంబర్‌లో మూస్ వాళ్ల ల్యాబ్‌లో నెట్‌వర్క్ తేడాగా ప్రవర్తించింది. నార్వేలో విన్నది గుర్తొచ్చింది. గబగబా ప్రోగ్రామ్ రాశాడు. కంపైల్ అయింది, నడవలేదు. ఎందుకంటే అలాంటి ప్యాకెట్లు పంపడానికి కావలసిన ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే లేదు. మనిషికి చిర్రెత్తుకొచ్చింది. ఆ లోపలి కోడ్ కూడా తనే రాసేశాడు. తెల్లారేలోపు అంతా పనిచేసింది. తీరా చూస్తే, మొదటి పింగ్ పంపేలోపే ఇంకో ఉద్యోగి పాడైన హార్డ్‌వేర్ కనిపెట్టి బాగుచేసేశాడు! ఏ జబ్బు కోసం మందు తయారుచేశాడో ఆ జబ్బు ముందే తగ్గిపోయింది.

పేరు సంగతి కూడా చెప్పాలి. జలాంతర్గాములు నీళ్లలోకి శబ్దం వదిలి ప్రతిధ్వని కోసం వింటాయి కదా, సోనార్. ఆ శబ్దం పేరే పింగ్. మూస్ కాలేజీలో సోనార్, రాడార్ల మీద పనిచేశాడు కాబట్టి ఆ పేరు పెట్టాడు. మొత్తం వెయ్యి లైన్ల ప్రోగ్రామ్. ఇదే తన జీవితంలో అన్నిటికంటే పేరు తెచ్చే పని అవుతుందని అప్పుడే తెలిసుంటే ఇంకో రెండ్రోజులు కూర్చుని మరికొన్ని ఆప్షన్లు పెట్టేవాణ్ణి అని తర్వాత సరదాగా రాసుకున్నాడు. 2000 నవంబర్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

పింగ్‌తో ఒక చిక్కుంది. అది అడిగేది ఒక్కటే ప్రశ్న: ఉన్నావా? "ఉన్నాను" అనో, మౌనమో జవాబు. జ్వరంతో మంచంలో ఉన్న మనిషిని కూడా పిలిస్తే "ఆఁ" అంటాడు కదా. ఒంట్లో ఎలా ఉంది, ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ నొప్పి అని అడగాలంటే ఇంకో భాష కావాలి.

ఆ భాష పేరు ఎస్ఎన్ఎంపీ. జెఫ్రీ కేస్, మార్క్ ఫెడార్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డావిన్ అనే నలుగురు కలిసి రాశారు. మొదటి పత్రం 1988 ఆగస్టులో వచ్చింది. ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, దీన్ని తాత్కాలికం అనుకునే పెట్టారు. అసలు పెద్ద పద్ధతి వేరే తయారవుతోంది, అది వచ్చేదాకా దీంతో నెట్టుకొద్దాం అని పెద్దలు తీర్మానించారు. ఆ పెద్ద పద్ధతి ఇంటర్నెట్‌లో నిలబడలేదు. తాత్కాలికంది మాత్రం ముప్పై ఏళ్లు దాటినా ఇంకా పనిచేస్తోంది. మన ఊళ్లలో తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డులో స్కూలు ముప్పై ఏళ్లు నడిచినట్టు.

ఇది ఎలా పనిచేస్తుందంటే, ప్రతి పరికరం లోపల ఒక చెట్టు ఉంటుంది. కొమ్మలు, కొమ్మలకి చిన్న కొమ్మలు, ప్రతి కొమ్మకీ ఒక నంబర్. 1.3.6.1.2.1.1.3.0 అని అడిగితే ఆ యంత్రం ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెబుతుంది. ఇంత పొడుగు నంబర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే ఎస్ఎన్ఎంపీవాక్ అనే కమాండ్ ఉంది. ఒక కొమ్మ పేరు చెబితే, అది ఆ కొమ్మ మీద ఆకు ఆకూ నడుచుకుంటూ పోయి, కనిపించిందల్లా స్క్రీన్ మీద పోస్తుంది. ఎన్ని పోర్టులున్నాయి, ఏది తెరిచుంది, ఏది మూసుంది, దేంట్లో ఎంత డేటా పోయింది, అన్నీ.

ఒక పిట్టకథ. ఆ నడిచిన కాలాన్ని సెకనులో నూరో వంతు లెక్కన, 32 బిట్ల నంబర్‌లో దాస్తారు. ఆ నంబర్ 497 రోజులకి నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే ఏడాదిన్నరకి దగ్గరగా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచిన యంత్రం, సరిగ్గా ఆ రోజున "నేను ఇప్పుడే పుట్టాను" అని చెబుతుంది. దాన్ని చూసి, ఎవరో రీస్టార్ట్ చేశారని కంగారుపడిన ఆపరేటర్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇంకోటి. 1990లో ఇంటరాప్ అనే నెట్‌వర్కింగ్ ప్రదర్శనకి జాన్ రోమ్‌కీ అనే ఇంజనీర్ ఒక బ్రెడ్ టోస్టర్ తెచ్చాడు. దాన్ని ఇంటర్నెట్‌కి కలిపాడు. ఆన్ చేయడం, ఆఫ్ చేయడం ఎస్ఎన్ఎంపీతోనే. ఇప్పుడు మనం స్మార్ట్ ఏసీ, స్మార్ట్ బల్బు అని మురిసిపోతున్నాం గానీ, ఆ వంశానికి మూలపురుషుడు ఒక టోస్టర్.

సరే, ఇదంతా ఎక్కువగా యూనిక్స్ వాళ్ల ప్రపంచం. నల్ల స్క్రీన్, కమాండ్, ఎంటర్. వాళ్లకి ఇంకో వరం కూడా ఉంది, పైపు. 1964లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఒక కాగితం మీద రాశాడు, తోటకి నీళ్లు పట్టే గొట్టాల్లాగా ప్రోగ్రాములని ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. ఒక ప్రోగ్రామ్ జవాబు ఇంకో ప్రోగ్రామ్‌కి ప్రశ్నగా పోతుంది. మొదట్లో చెప్పిన స్టీరియో కథ కూడా పైపుతో జరిగిందే. పింగ్‌ని తీసుకెళ్లి మాటల ప్రోగ్రామ్‌కి బిగించాడు.

విండోస్ వాళ్లకి అప్పట్లో ఈ భాగ్యం పెద్దగా లేదు. వాళ్లది మౌస్ ప్రపంచం. ఒక సర్వర్ మీద ఒక టిక్ పెట్టాలంటే క్లిక్, క్లిక్, క్లిక్. మరి అదే టిక్ ఐదు వందల సర్వర్ల మీద పెట్టాలంటే?

ఇక్కడ జెఫ్రీ స్నోవర్ వస్తాడు. మైక్రోసాఫ్ట్‌కి రాకముందు టివోలిలో పనిచేశాడు. పెద్ద కంపెనీల కంప్యూటర్లని పర్యవేక్షించే సాఫ్ట్‌వేర్ చేసే సంస్థ అది, 1996లో ఐబీఎం కొనేసింది. అంటే వేల యంత్రాలని ఒక్కచోట కూర్చుని చూసుకోవడం అంటే ఏంటో ఆయనకి ముందే తెలుసు. మైక్రోసాఫ్ట్‌లో మొదట యూనిక్స్ సాధనాలనే విండోస్ మీదికి తెద్దామని చూశాడు. కుదరలేదు. కారణం తెలుసుకోవాల్సిందే. యూనిక్స్‌లో అన్నీ దాదాపు మామూలు అక్షరాల ఫైళ్లు. సెట్టింగ్ ఫైలే, లాగ్ ఫైలే. అక్షరాలని వెతికే, కోసే, అతికించే సాధనాలుంటే చాలు. విండోస్‌లో సమాచారం అక్షరాల్లో ఉండదు. రిజిస్ట్రీలో, యాక్టివ్ డైరెక్టరీలో, ఇంకా రకరకాల అరల్లో, గడులు గడులుగా ఉంటుంది. కత్తెర ఉంది గానీ కోయడానికి గుడ్డ లేదన్నమాట.

అప్పుడాయన, పైపులో అక్షరాలకి బదులు వస్తువునే పంపిస్తే ఎలా ఉంటుంది అని ఆలోచించాడు. ఉదాహరణకి ఒక అలర్ట్ అనుకోండి. యూనిక్స్‌లో అది ఒక లైను. అందులో ఏడో మాట టైము, తొమ్మిదో మాట సర్వర్ పేరు అని లెక్కపెట్టుకుని కోసుకోవాలి. ఎవరో మధ్యలో ఒక మాట ఎక్కువ పెడితే లెక్క తప్పుతుంది. స్నోవర్ పద్ధతిలో అలర్ట్ అలర్ట్‌గానే వస్తుంది. "నీ టైమెంత?" అంటే టైము చెబుతుంది. "నీ సర్వర్ ఏది?" అంటే సర్వర్ చెబుతుంది. 2002 ఆగస్టులో ఇదంతా మోనాడ్ మేనిఫెస్టో అని ఒక పత్రంగా రాశాడు. కమాండ్ల పేర్లకి కూడా ఒక క్రమం పెట్టాడు. ముందు క్రియ, తర్వాత నామవాచకం. గెట్-ప్రాసెస్, స్టాప్-సర్వీస్. ఒకటి తెలిస్తే రెండోది ఊహించుకోవచ్చు.

ఇంత మంచి ఆలోచనకి బహుమతి ఏమిచ్చారో తెలుసా? డిమోషన్. విండోస్ కంపెనీలో కమాండ్ లైన్ ఏంటి అన్నారు. ఈ సంగతి ఆయనే తర్వాత బయట చెప్పుకున్నాడు. అయినా వదల్లేదు. 2006 నవంబర్‌లో పవర్‌షెల్ పేరుతో బయటికొచ్చింది. 2015లో అదే కంపెనీ ఆయన్ని టెక్నికల్ ఫెలో అనే అత్యున్నత సాంకేతిక హోదాలో కూర్చోబెట్టింది. 2016 ఆగస్టులో పవర్‌షెల్ ఓపెన్ సోర్స్ అయ్యి లినక్స్ మీదికి కూడా వెళ్లింది. వియ్యపురాలి ఇంటికే కాపురానికి పోయినట్టు!

ఇప్పుడు కనెక్టర్ దగ్గరికి వద్దాం.

మైక్రోసాఫ్ట్‌కి సొంత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మొదట్లో లేదు. 2000లో నెట్‌ఐక్యూ అనే సంస్థ నుంచి టెక్నాలజీకి లైసెన్స్ తీసుకుని ఆపరేషన్స్ మేనేజర్ మొదలుపెట్టింది. 2007లో దాన్ని దాదాపు కొత్తగా కట్టారు, పవర్‌షెల్ కమాండ్లతో సహా. 2012 వెర్షన్‌లో కమాండ్ల పేర్లు మార్చారు. గెట్-అలర్ట్ కాస్తా గెట్-ఎస్‌కామ్‌అలర్ట్ అయింది. పొట్టి పేరైతే వేరే వాళ్ల కమాండ్లతో గుద్దుకుంటుంది కాబట్టి. ఇంటిపేరు తగిలించారన్నమాట.

మరి కనెక్టర్ ఎందుకు? పెద్ద కంపెనీలో ఒకే సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఉండదు. విండోస్ సర్వర్లని ఎస్‌కామ్ చూస్తుంది, యూనిక్స్‌ని ఇంకోటి, నెట్‌వర్క్‌ని వేరొకటి. మనుషులు పనిచేసేది మళ్లీ టికెట్ల సిస్టమ్‌లో. ఇక్కడ పుట్టిన అలర్ట్ అక్కడికి చేరాలి. ఆ చేరవేసే మధ్యవర్తే కనెక్టర్. దానికి వైరు లేదు, పిన్ను లేదు. డేటాబేస్‌లో ఒక పేరు, ఒక పొడుగాటి ఐడీ, ఏ రకం అలర్ట్‌లు నావి అని చెప్పే ఒక నిబంధన. అంతే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక అలర్ట్ మీద ఒక్క కనెక్టర్ ఐడీయే ఉంటుంది. ఆర్టీసీ పార్సిల్ ఆఫీసు అనుకోండి. పార్సిల్ మీద ఒక బస్సు నంబర్ రాస్తారు. రాశాక ఇంకో బస్సు కండక్టర్ దాన్ని ముట్టుకోడు. మరి రాసిన ఆ బస్సు రద్దయిపోతే?

ఇదే నా కథ. నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్. విదేశంలో ఒక క్లయింట్, వాళ్ల సర్వర్లని మేం చూడాలి. కంపెనీ పేరు వద్దులెండి. నా స్క్రీన్ మీద టికెట్ల లిస్ట్, టికెట్ రాగానే చూడాలి, ఫోన్ చేయాలి. ఒక రాత్రి ఒంటిగంటకి వాళ్ల గోదాం సర్వర్‌లో డిస్క్ నిండిపోయి ఆగిపోయింది. లారీలు నిలబడిపోయాయి. నాలుగింటికి వాళ్లే ఫోన్ చేసి అరిచారు. నా స్క్రీన్ మీద ఒక్క టికెట్ లేదు. పది నిమిషాల్లో మెయిల్ వచ్చింది, ఆపరేటర్ అలర్ట్ చూసుకోలేదు, వివరణ ఇవ్వాలి అని. ఆపరేటర్ అంటే నేను. చేరి అప్పటికి నాలుగు నెలలు, ఇంకా ప్రొబేషన్.

"నిద్రపోయావా?" అని మా టీమ్‌లోని అన్న అడిగాడు. "లేదన్నా, ఒట్టు" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఎస్‌కామ్ కన్సోల్ తెరవబోయాడు. వీపీఎన్ మీద అది తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు. మూసేసి పవర్‌షెల్ తెరిచాడు. గెట్-ఎస్‌కామ్‌అలర్ట్ అని కొట్టి, పైపు పెట్టి, గ్రూప్-ఆబ్జెక్ట్ కనెక్టర్‌ఐడీ అన్నాడు. అంటే ఉన్న అలర్ట్‌లన్నిటినీ ఎవరి పార్సిల్ వాళ్లకి కుప్పలు పెట్టమని.

మూడు కుప్పలొచ్చాయి. ఏ ఐడీ లేనివి ఒక కుప్ప. మేం వాడే టికెట్ సిస్టమ్ ఐడీతో ఒక కుప్ప. ఇంకో ఐడీతో నలభైకి పైగా అలర్ట్‌లు. గోదాం డిస్క్ అలర్ట్ అందులోనే ఉంది. పుట్టిన టైము ఒంటిగంట మూడు నిమిషాలు. దాని కనెక్టర్ స్టేటస్, పెండింగ్.

"ఈ మూడోది ఎవరు?" అన్నాడు అన్న. గెట్-ఎస్‌కామ్‌కనెక్టర్ కొట్టి, ఆ ఐడీ ఇచ్చాడు. పేరు వచ్చింది. రెండు నెలల కింద మానేసిన పాత టికెట్ సిస్టమ్. దాని సర్వర్‌ని ఆపేశారు, గానీ ఎస్‌కామ్‌లో ఆ కనెక్టర్‌ని, దాని నిబంధనని ఎవరూ తీసేయలేదు. కొన్ని రకాల అలర్ట్‌లు రెండు నిబంధనలకీ సరిపోతున్నాయి. వాటిలో కొన్నింటి మీద పాత బస్సు నంబర్ పడుతోంది. ఆ బస్సు రాదు, కొత్త బస్సు ముట్టుకోదు.

నేను తొందరపడి "తీసేయండన్నా" అన్నాను. ఆగమన్నాడు. ఎస్‌కామ్ తన లోపలి పనులకి వాడుకునే ఇంటర్నల్ కనెక్టర్లు కూడా అదే లిస్ట్‌లో వస్తాయి. పేరు సరిగా చూడకుండా తీస్తే కొంపలంటుకుంటాయి. ముందు ఆ పెండింగ్ అలర్ట్‌ల లిస్ట్‌ని టైములతో సహా ఫైల్‌లో దాచమన్నాడు. "ఇది నీ కోసం" అన్నాడు. తర్వాత క్లయింట్ వైపు ఉన్న అధికారికి ఫోన్ చేసి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాడు. ఆ తర్వాతే వరసగా చేశాడు. పాత నిబంధన తీశాడు. అలర్ట్‌ల మీది పాత ఐడీ చెరిపాడు. కనెక్టర్‌ని పని నుంచి విడుదల చేశాడు. చివరికి రిమూవ్.

మళ్లీ గెట్-ఎస్‌కామ్‌కనెక్టర్ కొట్టి చూశాం. ఆ పేరు లేదు.

నేను దాచిన ఫైల్‌ని మెయిల్‌కి జతచేసి, మూడు లైన్లు రాసి పంపాను. ఐదున్నరకి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న నా స్క్రీన్ మీద టికెట్లు ఒకదాని వెనక ఒకటి దిగడం మొదలుపెట్టాయి. అన్న టీ తాగడానికి కిందికి వెళ్లిపోయాడు. నేను మొదటి టికెట్ తెరిచి ఫోన్ అందుకున్నాను.